మూడు రోజుల మర్యాద

ముహర్రక్,
1974 సెప్టెంబరు 20

మోజా,

నిన్నూ నీ ఇంటినీ అల్లా చల్లగా చూడాలి. ఇక్కడ ముగ్గురం ఉన్నాం. బాగున్నామని ఇద్దరి గురించే రాయగలను.

అత్తయ్య తినడం మానేసింది. నా అలవాటు నీకు తెలుసు. ఏ పూట ఎన్ని గిన్నెల బియ్యం వండానో, ఎవరు ఎంత తిన్నారో పుస్తకంలో రాసుకుంటాను. పదహారు రోజులుగా ఆమె వరుసలో ఏమీ రాయలేదు. పొద్దున రెండు ఖర్జూరాలు, గుక్కెడు కాఫీ, అంతే. చూపు పోయినప్పుడు కూడా ఇలా లేదు. డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదు, ఉండాలన్న కోరికే లేదు అన్నాడు. చలికాలం దాటడం కష్టమని మీ అన్నయ్యతో విడిగా చెప్పాడట.

ఆమె అడిగేది ఒక్కటే. నువ్వు రావాలి.

ఇరవై రెండేళ్ళ కిందటి సంగతి నేను తవ్వను. అప్పటికి నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఆర్నెల్లే. నువ్వు బాలింత జ్వరంలో ఒళ్ళు తెలియక పడి ఉన్నావు. ఆరో రోజున బిడ్డ పోయింది. ఆ మొహం నీకు చూపించకుండానే అత్తయ్య తీసుకెళ్ళి మట్టి చేయించింది. లేచి కూర్చున్నాక నువ్వు మీ ఆయన ముబారక్‌తో మొంబాసా ఓడ ఎక్కావు, మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఎవరిది తప్పో చెప్పడానికి నేను ఎవరిని? కానీ పోయే మనిషి పిలుస్తోంది. ఆలోచించు.

మన ఇంటి వెనక సముద్రం పూడ్చి వేసిన తారు రోడ్డు మీద ఇప్పుడు లారీలు కూడా తిరుగుతున్నాయి. దుమ్ము చెప్పలేను. రోజుకు రెండుసార్లు ఊడుస్తున్నాను. మీ అన్నయ్య గురక మాత్రం ఏ లారీకీ తీసిపోదు.

నీ వదిన
హెస్సా


మొంబాసా,
అక్టోబరు 1

వదినా,

నీ ఉత్తరం అందింది. బియ్యం లెక్క చెప్పి ఏడిపించడం నీకే చేతనవును.

నేను రాను. అమ్మతో మెత్తగా చెప్పాల్సిన పని లేదు, ఇలాగే చెప్పు. పన్నెండు గంటలు ఆగి ఉంటే నాకు స్పృహ వచ్చేది. పన్నెండు గంటలు. అప్పుడు చూసుకునేదాన్ని. పోయినవాళ్ళను త్వరగా సాగనంపాలని నాకూ తెలుసు, నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

అయినా ముసలామె ఆకలితో పోయిందన్న పాపం నాకొద్దు. షమ్మాను పంపుతున్నాను. దానికి పందొమ్మిది నిండాయి. ఆ దేశం ఎన్నడూ చూడలేదు. అమ్మమ్మ చేతిలో చెయ్యి పెట్టి నెల రోజులు కూర్చోమన్నాను. అక్టోబరు 24న నైరోబీ నుంచి విమానం. అన్నయ్యను విమానాశ్రయానికి రమ్మను. పిల్ల సన్నగా ఉంటుంది, తక్కువ మాట్లాడుతుంది. కొత్తవాళ్ళ మధ్య అసలు నోరు విప్పదు. మీ ఊరి ఆడవాళ్ళు చుట్టూ చేరి దాన్ని పీక్కు తినకుండా చూడు.

మోజా


మొంబాసా,
అక్టోబరు 19

వదినా,

షమ్మాకు మలేరియా తగిలింది. మంచం దిగలేని స్థితి. ప్రాణభయం లేదని డాక్టరు అన్నాడు గానీ నెల రోజులు ప్రయాణం వద్దన్నాడు. టికెట్టు రద్దు చేయించాం. అన్నయ్యను ఊరికే విమానాశ్రయానికి తిప్పకు. ఈ ఉత్తరం సమయానికి చేరుతుందనే అనుకుంటున్నాను.

డిసెంబరులో పంపుతాను. అప్పటిదాకా ఆవిడను ఆగమను. ఆగడం ఎలా ఉంటుందో ఆవిడకూ తెలియాలి.

మోజా


ముహర్రక్,
అక్టోబరు 27

మోజా,

నీ కూతురు క్షేమంగా చేరింది. ముందు ఆ మాట రాసి మిగతావి రాస్తున్నాను.

24న మీ అన్నయ్య విమానాశ్రయంలో రెండు గంటలు నిలబడి, పిల్ల కనిపించక గాభరాగా ఇంటికి వచ్చాడు. వచ్చేసరికి పిల్ల అత్తయ్య మంచం పక్కన కూర్చుని ఉంది. ఎలా వచ్చిందంటావా? పూర్వం మనం సముద్రంలో కాళ్ళు కడుక్కోవడానికి తీసే వెనక తలుపు లేదూ, ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు, గడియ తుప్పు పట్టింది. మధ్యాహ్నం ప్రార్థన అయ్యాక ఆ తలుపు మీద చప్పుడైతే నేనే నూనె పోసి తీశాను. నల్ల అబాయా కప్పుకున్న సన్నటి పిల్ల, చేతిలో సామాను లేదు. షమ్మావా అన్నాను. అవును, వచ్చాను అంది. సామాను వెనక వస్తుందేమో అనుకున్నాను. ఇంకా రాలేదు. విమానం వాళ్ళను కాస్త గట్టిగా అడగమని ముబారక్‌తో చెప్పు. ప్రస్తుతానికి నా బట్టలు కుదించి ఇచ్చాను.

వచ్చిన చుట్టాన్ని మూడు రోజులు ఏమీ అడగకూడదు కదా, నేనూ అడగలేదు. నువ్వెలా ఉన్నావో, మొంబాసాలో ఇల్లు ఎంత ఉందో, ఏదీ అడగలేదు. ఇవాళ్టితో మూడు రోజులు అయ్యాయి. ఇప్పుడు అడుగుదామంటే అప్పుడే ఇంటి మనిషి అయిపోయింది. ఇంటి మనిషిని కూర్చోబెట్టి ఆరా తీయడానికి మొహం చెల్లడం లేదు.

అసలు సంగతి విను. అత్తయ్య తింటోంది. మొదటి పూటే సాఫీ చేపతో వండిన అన్నం అరగిన్నె తింది. పిల్ల ముద్దలు కలిపి పెడుతోంది. నేను వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. నీకు ఎంత కోపమున్నా నువ్వు చేసిన మేలు ఇది.

హెస్సా


ముహర్రక్,
నవంబరు 3

మోజా,

19న నువ్వు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. చదివి మీ అన్నయ్యా నేనూ నవ్వుకున్నాం. నీ ఉత్తరం కంటే నీ కూతురే ముందు వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో తగ్గి ఉంటుంది, మనసు మార్చుకుని పంపేసి ఉంటావు, నీ సంగతి తెలియదా? అయినా మలేరియా పడి లేచిన పిల్లను అలా పంపడం ఏమిటి? చేతులు మంచులా ఉంటాయి. రాత్రిళ్ళు రెండు దుప్పట్లు కప్పుతున్నాను.

మీ అన్నయ్య ఆమెకు ఊరు చూపిద్దామని కారులో తిప్పాడు. మనామా బజారు, కోట, ఆలీ ఊరి దగ్గర పాతకాలం వాళ్ళ సమాధి దిబ్బలు. దిబ్బల దగ్గర అందరూ దిగి ఫొటోలు తీయించుకుంటారు కదా, ఆమె దిగలేదట. "పడుకున్నవాళ్ళను చూడ్డానికి ఇంత దూరం ఎందుకు మామయ్యా" అందట. ఆ నోరు నీదే. మీ అన్నయ్య దారంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఒక చిత్రం చెప్పనా? నిన్న ఆమెను తీసుకుని వెనక రోడ్డు అవతలి దుకాణానికి వెళ్ళాను. తారు రోడ్డు సగం దాటాక ఆమె చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. అబాయా అంచు చీలమండల పైకెత్తి మెల్లగా అడుగు తీసి అడుగు వేసింది. సరిగ్గా ఎక్కడి నుంచో తెలుసా, పూర్వం నీళ్ళు మొదలయ్యే చోటు నుంచి. ఎందుకలా అంటే తడుస్తుంది కదా అత్తా అంది. నువ్వే చిన్నప్పటి కబుర్లు చెప్పి ఉంటావు. కానీ ఇంత సరిగ్గా ఎలా చెప్పావా అని.

హెస్సా


తంతి
మొంబాసా, నవంబరు 7

షమ్మా ఇక్కడే నా దగ్గరే ఉంది. ఇంకా మంచం మీదే ఉంది. మీ ఇంట్లో ఉన్నదెవరు.
మోజా


ముహర్రక్,
నవంబరు 9

మోజా,

తంతి అందింది. జవాబు తంతిలో పట్టదు, అందుకే రాస్తున్నాను. 

తంతి చదివాక నేను మొదట వంటింట్లోకి వెళ్ళి నా పుస్తకం తీశాను. మనసు చెదిరినప్పుడు నాకు అదే ఆసరా. ఆమె వచ్చిన రోజు నుంచి కూడికలు చేశాను. మీ అన్నయ్య తింటున్నాడు, నేను తింటున్నాను, అత్తయ్య తింటోంది, ఆమె మాతోపాటు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోవడం నా కళ్ళతో చూస్తున్నాను. డబ్బాలో బియ్యం మాత్రం ముగ్గురి లెక్కనే తరిగింది. రెండుసార్లు కొలిచాను. అంతే వచ్చింది.

మీ అన్నయ్య పోలీసులకు చెప్పి వస్తానని చెప్పులు వేసుకున్నాడు. ఆగమని, ముందు ఆమెనే అడుగుదామని ఇద్దరం అత్తయ్య గదికి వెళ్ళాం. ఆమె అత్తయ్య కాళ్ళు పడుతోంది. అమ్మాయీ, నువ్వు ఎవరి పిల్లవు అన్నాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. భయపడలేదు, తడబడలేదు. అతిథిని ప్రశ్నిస్తున్నానే అని సిగ్గుపడింది నేనే.

జవాబు అత్తయ్య చెప్పింది.

"దాన్నేమీ అడక్కు హెస్సా. నాకు పోయింది కళ్ళు, చేతులు కాదు. మొదటి రోజే తెలుసు నాకు. దాన్ని మట్టిలో పడుకోబెట్టింది ఈ చేతులే."

మీ అన్నయ్య చెప్పులు విప్పి గడప మీదే కూర్చుండిపోయాడు. అమ్మకు మతి చలించిందని ఆయన అంటున్నాడు. ఈ పిల్ల ఎవరో పరాయి మనిషి, దిక్కులేక వచ్చి చేరింది అంటున్నాడు.  వెళ్ళగొట్టమని నువ్వు రాస్తే వెళ్ళగొడతాను. కానీ వెళ్ళగొట్టిన నాటి నుంచి అత్తయ్య వరుసలో మళ్ళీ ఏమీ రాయలేనని నాకు తెలుసు.

హెస్సా


మొంబాసా,
నవంబరు 20

వదినా,

బాగా అల్లావు. నీకు ఇంత తెలివి ఉందనుకోలేదు.

నన్ను రప్పించడానికి ఇంత చేయాలా? కడుపున పుట్టి ఆరు రోజులకే పోయిన దాన్ని ముందుపెట్టి నన్ను గుంజుతారా? అమ్మకు తోచిందా ఇది, నీకు తోచిందా? ఏ ఎడారి బెదూయిన్ల పిల్లనో తెచ్చి అమ్మ పక్కన కూర్చోబెట్టి, బియ్యం లెక్కలు రాసి పంపితే మోజా పరుగెత్తుకొస్తుందని. రోడ్డు మీద చెప్పులు విప్పిందట. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడా దీనికి?

షమ్మా మెల్లగా లేచి తిరుగుతోంది. నీ ఉత్తరం చదివింది. నా స్థానంలో ఎవరో కూర్చున్నారట కదా అమ్మా, నేనిక వెళ్ళనక్కర్లేదా అని అడిగింది. 

ఇక ఉత్తరాలు రాయకు.

మోజా


ముహర్రక్,
డిసెంబరు 2

మోజా,

రాయవద్దన్నావు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఇది నా ఉత్తరం కాదు. అత్తయ్య చెబుతుంటే రాస్తున్నాను. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. నన్ను అబద్ధాలకోరు అన్నావు, దానికి తర్వాత కొట్లాడుకుందాం.

అత్తయ్య మాటలు ఇవి:

"మోజా, యుమ్మా, నా చిట్టితల్లీ. నీకు చూపించలేదు, నిజమే. ఆ రోజు నీ నాలుక నల్లబడి ఉంది. మంత్రసాని నా చెవిలో, ఇద్దరికీ కలిపి శవాలకు చుట్టే గుడ్డ తెప్పించుకో అంది. నీకు స్పృహ వస్తే దాన్ని అడుగుతావు. దాని మొహం చూశావంటే దాని వెంటే పోతావు. నాకు అది తెలుసు, నిన్ను కన్నదాన్ని. ఒకదాన్ని మట్టికి ఇచ్చి ఒకదాన్ని దక్కించుకున్నాను. నువ్వు బతికావు, నా మీద కోపంతో బతికావు. అలాగే బతుకు, నాకు ఫరవాలేదు.

"కానీ దానికి నేను ఒక అన్యాయం చేశాను. ఏడో రోజు రాకముందే పోయింది గనక పేరు పెట్టలేదు. పేరు లేకుండా పడుకోబెట్టాను. ఇరవై రెండేళ్ళూ ఎవరూ పిలవలేదు దాన్ని. పిలవనిదే ఎక్కడికి వెళుతుంది? ఇక్కడే తిరుగుతోంది. పేరు పెట్టడం నాకు చెల్లదు. నువ్వు పెట్టాలి. నా కోసం రావద్దు."

ఇక్కడితో ఆమె మాటలు అయ్యాయి.

నేను చూసినవి కూడా చెబుతాను, చూసినంతే. ఆ పిల్ల అద్దం వైపు వెళ్ళదు. మసీదు నుంచి ప్రార్థనకు పిలిచే బాంగు వినిపించగానే చేస్తున్న పని ఆపేస్తుంది. ఎదురింటి ఖాలిద్ భార్య పురిటిబిడ్డను ఎత్తుకుని వస్తే ఆ బిడ్డ ఈమెను చూసి ఏడవలేదు. ఈమే లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయింది, ఆ బిడ్డ వెళ్ళేదాకా రాలేదు. ఈ దేశానికి ఇదే మొదటిసారి కదమ్మా అని ఒకరోజు మాటవరసకు అన్నాను. "వచ్చాను గానీ అప్పుడేమీ చూడలేదు అత్తా" అంది.

గత వారం నుంచి అత్తయ్య మళ్ళీ తిండి తగ్గించింది. ఆ పిల్ల కలిపి పెట్టినా రెండు ముద్దలే. నీ జవాబు కోసం వింటోంది. పోస్టువాడి సైకిలు గంట మోగితే తల అటు తిప్పుతుంది.

హెస్సా


మొంబాసా,
డిసెంబరు 12

వదినా,

నిన్ను అన్న మాటలకు కాళ్ళు పట్టుకుంటాను, అక్కడికి వచ్చాక.

నాలుక సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళలో ఎవరూ.

బిడ్డకు పేరు లేదని అమ్మ అనుకుంటోంది. ఉంది. కడుపులో ఉండగానే పెట్టుకున్నాను. ఏడో రోజున అందరిముందు చెబుదామని ఎవరికీ చెప్పలేదు, ముబారక్‌కు కూడా. ఆ పేరుతోనే దానితో మాట్లాడేదాన్ని. అదొక్కటే నా దగ్గర మిగిలింది, దాన్ని కూడా నేను ఊరికే ఉంచలేదు. ఏం చేశానో వచ్చాక చెబుతాను. రాయడానికి చెయ్యి రావడం లేదు.

డిసెంబరు 22న బయల్దేరుతున్నాను. ఒక్కదాన్నే. షమ్మాను తీసుకురావడం లేదు. తీసుకురాకూడదని ఎందుకో అనిపిస్తోంది.

నేను వచ్చేదాకా అక్కడున్న ఆ పిల్లను ఏమీ అడక్కండి. పోనివ్వకండి.

మోజా


ముహర్రక్,
డిసెంబరు 31

ముబారక్ కూతురికి,

ఇలా మొదలుపెట్టినందుకు ఏమీ అనుకోకు. కారణం చివర రాస్తాను. మీ అమ్మ రాయలేని స్థితిలో ఉంది గనక నేను రాస్తున్నాను. ఆమె క్షేమం. మీ అమ్మమ్మ 27న సాయంకాలం అసర్ ప్రార్థన వేళ పోయింది. మీ అమ్మ ఒడిలోనే పోయింది. అల్లా ఆమెను కరుణించాలి.

నీకు అన్నీ వరుసగా చెప్పాలి. చెప్పమని మీ అమ్మ అడిగింది.

23న మధ్యాహ్నం మీ మామయ్య ఆమెను తీసుకొచ్చాడు. ఆమె అబాయా కూడా తీయకుండా నేరుగా మీ అమ్మమ్మ గదికి వెళ్ళింది. అమ్మమ్మ రెండు చేతులతో ఆమె మొహమంతా తడిమి, ముసలిదానివయ్యావే అంది. మీ అమ్మ మంచం మీద కూర్చుని ఆ చేతులు అలాగే పట్టుకుంది.  నేను కాఫీ తెచ్చి పెట్టాను, చల్లారిపోయింది.

మా ఇంటికి వచ్చిన ఆ పిల్ల మంచం కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. మీ అమ్మ అప్పటిదాకా అటు చూడలేదు. చూడటానికి భయపడుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఆఖరికి తల తిప్పింది. నేను ఇద్దరి మొహాలూ చూశాను. పోలిక ఉందా అని నువ్వు అడుగుతావు. ఉంది. నీకు ఉన్నంత ఉందో లేదో, నిన్ను నేను చూడలేదు.

రెండు నెలల్లో మేమెవరం అడగనిది మీ అమ్మ అడిగింది. "నీ పేరేమిటి తల్లీ?"

"నువ్వు చెప్పలేదుగా" అంది ఆమె.

మీ అమ్మ కిందికి దిగి ఆమె ముందు కూర్చుంది. చెవి దగ్గర నోరు పెట్టి, పసిబిడ్డకు వినిపించినట్టే ముందు బాంగు మాటలు చెప్పింది. తర్వాత మాకందరికీ వినబడేలా పేరు చెప్పింది. షమ్మా అంది.

నేను ఉండబట్టలేక, అది మొంబాసాలో ఉన్న నీ కూతురి పేరు కదా మోజా అన్నాను. నీ పేరు పొరపాటున నోట్లోంచి వచ్చిందనుకున్నాను.

"దాని పేరు కాదు వదినా. ఇది దీని పేరు. వదులుకోలేక దానికి పెట్టుకున్నాను."

వెనక తలుపు దగ్గర మొదటి రోజు షమ్మావా అంటే అవును అంది. అబద్ధం చెప్పిందని రెండు నెలలు అనుకున్నాను. ఆమె నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు.

మీ అమ్మమ్మ ఆ పేరు రెండుసార్లు పలికి చూసుకుంది. తర్వాత ధూపం తెమ్మంది. ఇక్కడ అతిథికి ధూపం పట్టామంటే ఇక సెలవు తీసుకోవచ్చని అర్థం. నేను నిప్పుల మీద ఊద్ చెక్క వేసి తెచ్చాను. ఆ పిల్ల అందరు ఆడవాళ్ళలాగే వంగి, జుట్టుకూ ముసుగుకూ పొగ పట్టించుకుంది. అమ్మమ్మ నుదురు ముద్దు పెట్టుకుంది. నాకు అన్నం పెట్టినందుకు దీవెన చెప్పింది. మీ అమ్మ మాత్రం ఆమె చెయ్యి వదలలేదు. ఒక్కొక్క వేలే విడిపించుకుని, వీధి తలుపు తీసుకుని వెళ్ళింది. నేను గడపలో నిలబడి చూశాను. మంచి ఎండగా ఉంది, వీధిలో జనం ఉన్నారు. ఖాలిద్ భార్య ఎదురొచ్చి పక్కకు తప్పుకుంది కూడా. మలుపు తిరిగేదాకా చూశాను. మీ అమ్మ వెంట వెళ్ళలేదు.

ఆ పూట అమ్మమ్మ గిన్నెడు అన్నం తింది. ఆ తర్వాత నాలుగు రోజులు బతికింది. నాలుగు రోజులూ తల్లీకూతుళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. అప్పుడప్పుడు పోట్లాట కూడా వినిపించింది. నేను గది వైపు వెళ్ళలేదు.

ఇప్పుడు నీ సంగతి. మీ అమ్మ జనవరి 19న తిరిగి వస్తుంది. నీకు కొత్త పేరు తెస్తుంది. ఏదో నాకు చెప్పలేదు, ముందు నీ చెవిలోనే చెబుతానంది. పాత పేరు మీ అక్కకు ఇచ్చినది ఇచ్చినట్టే, వెనక్కి అడగడానికి వీల్లేదు. కోపం తెచ్చుకోకు. పందొమ్మిదేళ్ళు ఎవరిదో దాచిపెట్టావు, భద్రంగా దాచావు.

కవరు మీద మీ నాన్న పేరే రాశాను. ఆయనకూ, పనివాళ్ళకూ, ఇరుగుపొరుగుకూ ఇవాళే చెప్పు, ఎవరూ నిన్ను పాత పేరుతో పిలవవద్దని. మీ అమ్మ ఇది రెండుసార్లు చెప్పి రాయించింది, అందుకే నేనూ నొక్కి రాస్తున్నాను. ఆమె వచ్చేలోగా తలుపు బయట నుంచి గానీ, పక్క గది నుంచి గానీ, ఎంత బాగా తెలిసిన గొంతుతో గానీ ఎవరైనా షమ్మా అని పిలిస్తే, పలకవద్దు. ఆ పిలుపు నీకు కాదు.

నీ అత్త
హెస్సా